బ్యాకప్ క్వార్టర్‌బ్యాక్‌కు మూడు మ్యాచ్‌ల గడువు

(డాలస్ ప్రాంతంలోని తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, కౌబాయ్స్ చొక్కాలు తొడుక్కుని వచ్చిన పిల్లలకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను మాట్లాడదలచుకున్నది ఒకే ఒక్క ప్రశ్న మీద. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి అందుకుని, పాస్‌లు విసురుతూ ఆటను నడిపించేవాడు క్వార్టర్‌బ్యాక్. మన కౌబాయ్స్ లాంటి జట్టు ప్రధాన క్వార్టర్‌బ్యాక్ గాయపడ్డాడు. అతని స్థానంలోకి వచ్చిన బ్యాకప్ తడబడుతున్నాడు. అభిమానులుగా మనం అతనికి ఎన్నాళ్లు గడువు ఇవ్వాలి? నా సమాధానం ముందే చెప్పేస్తాను. మూడు మ్యాచ్‌లు. ఇది జాలితో ఇమ్మని అడుగుతున్న గడువు కాదు, న్యాయంగా అతనికి రావలసినది. ఆ మూడు మ్యాచ్‌లలో మన కళ్ల ముందు కనిపించేది అతని ఆట ఒక్కటే కాదు. వేరొకరి కోసం కట్టిన జట్టు ఇతనికి అలవాటు పడటం కూడా అందులో ఉంటుంది. అది తేలకముందే తీర్పు చెబితే, చేయని తప్పుకు ఒక మనిషిని శిక్షించినట్టే.

ఫ్రిస్కోలో, ఇర్వింగ్‌లో, ప్లేనోలో మన తెలుగు ఇళ్లలో 2024 నవంబరు ఎలా గడిచిందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నవంబరు 3న అట్లాంటాలో డాక్ ప్రెస్కాట్‌కు తొడ వెనుక కండరం దెబ్బతిన్నది. ఆ సీజనుకు అతని ఆట అక్కడితో ముగిసింది. ఆ సెప్టెంబరులోనే సగటున ఏడాదికి 6 కోట్ల డాలర్ల ఒప్పందం మీద సంతకం చేసినవాడు. అతని స్థానంలోకి కూపర్ రష్ వచ్చాడు. 2017 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే చోట, ఏ జట్టూ ఎంచుకోకపోతే, సెంట్రల్ మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి నేరుగా వచ్చి చోటు సంపాదించుకున్న ఆటగాడు.

నవంబరు 10న ఫిలడెల్ఫియా ఈగల్స్ ఆర్లింగ్టన్‌కు వచ్చారు. 34-6 తేడాతో ఓడిపోయాం. రష్ 23 పాస్‌లు విసిరితే 13 అందాయి. వాటి వల్ల వచ్చినవి మొత్తం 45 గజాలు. ఒక్క మంచి పాస్‌కు రాగల దూరమది. స్టేడియంలో గేలి మొదలైంది. మరుసటి రోజు ఆఫీసుల్లో, ఆలయం ఆవరణలో, పిల్లల ఈత తరగతుల దగ్గర ఒకటే మాట: ఇతన్ని తీసేయండి, మరో బ్యాకప్ ట్రే లాన్స్‌ను దింపండి.

ఆ మ్యాచ్‌లో జరిగిన ఒక సంఘటన చెబుతాను. మన స్టేడియం పడమటి గోడ అద్దాలది. మధ్యాహ్నం దాటాక ఎండ నేరుగా మైదానం మీద పడుతుంది. రెండో క్వార్టర్‌లో రష్ విసిరిన బంతి ఎండ్ జోన్‌లో, అంటే మైదానం చివర స్కోరు చేసే చోట, ఉన్న సీడీ లాంబ్ వైపు వెళ్లింది. లాంబ్ అందుకునే చోటే ఉన్నాడు. కానీ ఎండ కళ్లలో పడి, వస్తున్న బంతి అతనికి కనిపించలేదు. టచ్‌డౌన్ అనే పెద్ద స్కోరు కావలసినది అందని పాస్‌గా మిగిలింది. గణాంకాల పట్టికలో అది రష్ ఖాతాలోనే పడింది. పరదాలు వేయించమని ఎందరు అడిగినా యజమాని జెర్రీ జోన్స్ ఒప్పుకోలేదు. ఆ రోజు రష్ బాగా ఆడాడని నేను అనడం లేదు. ఆడలేదు. కానీ మనం కోపంతో చదివే 45 అనే అంకెలో ఎండ ఎంత, అద్దం ఎంత, రష్ ఎంత అని విడదీసి చూశామా? పైగా ఆ మ్యాచ్ చివర్లో మనం కోరుకున్న లాన్స్ కూడా దిగాడు. అతను విసిరిన ఒక బంతి ప్రత్యర్థి చేతిలో పడింది.

ఆ తర్వాతి సోమవారం హ్యూస్టన్ టెక్సన్స్ చేతిలో 34-10. గేలి రెట్టింపయింది.

ఇక్కడ రెండేళ్లు వెనక్కి వెళదాం. 2022లో మొదటి మ్యాచ్‌లోనే ప్రెస్కాట్ బొటనవేలు విరిగింది. అప్పుడూ వచ్చింది ఈ రష్షే. వరుసగా నాలుగు మ్యాచ్‌లు గెలిపించాడు. ఒక్క ఇంటర్‌సెప్షన్ కూడా లేదు, అంటే ఒక్క పాస్ కూడా ప్రత్యర్థి చేతిలో పడలేదు. ప్రెస్కాట్ కోలుకున్నా ఇతన్నే కొనసాగించాలని వాదించినవాళ్లు ఈ ఊళ్లో ఉన్నారు. అప్పుడు నెత్తిన పెట్టుకున్నదీ, ఇప్పుడు కింద పడేసినదీ ఒకే మనిషిని. ఏం మారింది? ఆ నాలుగు గెలుపుల్లో ప్రత్యర్థులు చేసిన పాయింట్లు చూడండి: 17, 16, 10, 10. మైకా పార్సన్స్ ముందుండి నడిపిన రక్షణ వరుస అలా ఆడితే, క్వార్టర్‌బ్యాక్ తప్పు చేయకుండా ఉంటే చాలు. 2024లో ఆ రెండు మ్యాచ్‌లలో ప్రత్యర్థులు చేసినవి 34, 34. అప్పుడు క్వార్టర్‌బ్యాక్ ప్రతిసారీ వెనకబడిన జట్టును ముందుకు లాగాలి. అతను పాస్ వేస్తాడని ఎదుటివాళ్లకు ముందే తెలుసు. వాళ్లు పరుగును పట్టించుకోవడం మానేసి అతని మీదికే వస్తారు. ఆటగాడు అతనే. ఆడవలసిన ఆట వేరు.

కొత్తగా చూస్తున్నవారి కోసం బ్యాకప్ జీవితం ఎలా ఉంటుందో కాస్త వివరంగా చెప్పాలి. అది తెలియకుండా ఈ చర్చ సాగదు.

క్రికెట్‌లో పన్నెండో ఆటగాడు కూడా నెట్స్‌లో మిగతావాళ్లు ఎదుర్కొనే బంతులనే ఎదుర్కొంటాడు. ఇక్కడ అలా కుదరదు. క్వార్టర్‌బ్యాక్ ఒంటరిగా సాధన చేయలేడు. అతనికి ముందు అయిదుగురు నిలబడాలి, పక్కన పరిగెత్తేవాడు ఉండాలి, పాస్ అందుకునేవాళ్లు తమ దారుల్లో పరుగెత్తాలి. అంటే మొదటి జట్టు మొత్తం కావాలి. లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య 2011లో కుదిరిన ఒప్పందం తర్వాత పూర్తి కవచాలతో చేసే సాధనను సీజను మొత్తంలో 14 రోజులకు పరిమితం చేశారు. మిగిలిన తేలిక సాధనలోనూ మొదటి జట్టుతో ఆడే అవకాశం దాదాపు అంతా ప్రధాన క్వార్టర్‌బ్యాక్‌దే. బ్యాకప్ ఏం చేస్తాడు? రాబోయే ఆదివారం ఎదుర్కొనే జట్టు క్వార్టర్‌బ్యాక్‌ను అనుకరిస్తూ మన రక్షణ వరుసకు సాధన ఇస్తాడు. వారమంతా అతను ఆడేది ఎదుటివాళ్ల ఆట.

పాస్‌లో కాలం లెక్క ఇంకా సూక్ష్మం. అందుకునేవాడు వెనక్కి తిరిగేసరికి బంతి గాలిలో ఉండాలి. అతను ఎన్నో అడుగు దగ్గర తిరుగుతాడో, కుడికి వంగుతాడో ఎడమకు వంగుతాడో చేతికి తెలిసిపోవాలి. ప్రెస్కాట్‌కూ లాంబ్‌కూ మధ్య అది ఏళ్ల తరబడి పెరిగిన అవగాహన. రష్ ఆ జట్టులో ఏళ్లుగా ఉన్నా, వేసవి తర్వాత లాంబ్‌కు విసిరిన బంతులు బహు తక్కువ.

మైదానంలోకి దిగాక ఏం జరుగుతుంది? శిరస్త్రాణంలోని రేడియోలో కోచ్ ఆడవలసిన ఎత్తు (ప్లే) చెబుతాడు. ఎత్తు మొదలుపెట్టడానికి ఇచ్చే 40 సెకన్ల గడియారంలో 15 మిగిలేసరికి ఆ మాట ఆగిపోతుంది. ఆ తర్వాత ఎదుటి వరుస చూసి, ఎవరు మీదికి వస్తారో అంచనా వేసి, అవసరమైతే ఎత్తు మార్చి, ముందున్న అయిదుగురికి అరిచి చెప్పి బంతి అందుకోవాలి. అదంతా 15 సెకన్లలో, ఎనభై వేల మంది మధ్య. సొంత మైదానంలో మనం అరిచే అరుపులు అతని గొంతును తొక్కేస్తాయి. టిక్కెట్టు కొన్నవారికి గేలి చేసే హక్కు లేదని నేను అనను. బంతి మన జట్టు చేతిలో ఉన్నప్పుడు ఆ హక్కు వాడితే నష్టపోయేది మన జట్టే. ఇక ఆటగాడి భార్యాపిల్లలకు తిట్లు పంపడాన్ని నేను అభిమానం కింద లెక్కించను. అది క్రూరత్వం.

మూడు మ్యాచ్‌లు అని ఎందుకన్నానో ఇప్పుడు చెబుతాను. మొదటి మ్యాచ్‌కు కోచ్ పాత పుస్తకంతోనే, అంటే ప్రధాన క్వార్టర్‌బ్యాక్ కోసం రాసుకున్న ఎత్తులతోనే, వస్తాడు. వారం వ్యవధిలో కొత్తది రాయలేడు. రెండో మ్యాచ్‌లో ఏది ఇతనికి నప్పడం లేదో బయటపడుతుంది. దాన్ని తీసేసి, నప్పినదాన్ని పెంచి, సాధన చేయించి తెచ్చేది మూడో మ్యాచ్‌కు. 2024లో జరిగింది అదే. నవంబరు 24న వాషింగ్టన్ మీద, ముందు వరుసలో జాక్ మార్టిన్, టైలర్ స్మిత్ ఇద్దరూ లేకుండానే, రష్ 32 పాస్‌లలో 24 అందించి 247 గజాలు, రెండు టచ్‌డౌన్లు సాధించాడు. 34-26తో గెలిచాం. ఆఖరి నిమిషంలో ఆ మ్యాచ్ ఎలా ఊగిందో చూసినవాళ్లు ఇప్పటికీ నిలబడి చెబుతారు. నాలుగు రోజులకు థాంక్స్‌గివింగ్ నాడు జెయింట్స్ మీద 27-20. తర్వాత కరోలినా మీద, టాంపా మీద గెలుపులు. ఆ వారాల్లో కోచ్‌లు బంతిని ఎక్కువగా రికో డౌడల్ చేతిలో పెట్టారు. అతనూ డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోని వాడే. ఆ ఏడాది 1,079 గజాలు పరిగెత్తాడు. పరుగు నిలబడ్డాక పాస్ తేలికైంది. రష్ మొదలుపెట్టిన ఎనిమిది మ్యాచ్‌లలో నాలుగు గెలుపులు, నాలుగు ఓటములు. మొదటి రెండిటికే అతన్ని తీసేసి ఉంటే ఆ నాలుగు గెలుపులు చూసేవాళ్లం కాదు.

మన ఊరి మరో సంవత్సరం ఇంతకంటే చేదైనది. 2015. రెండో మ్యాచ్‌లో ఫిలడెల్ఫియాలో అప్పటి ప్రధాన క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమో ఎడమ కాలర్ ఎముక విరిగింది. అప్పటికి రెండూ గెలిచి ఉన్నాం. పాస్‌లు అందుకునే డెజ్ బ్రయంట్ మొదటి మ్యాచ్‌లోనే పాదం విరిగి బయట ఉన్నాడు. ముందటి ఏడాది 1,845 గజాలు పరిగెత్తిన డిమార్కో ముర్రే ఈగల్స్‌కు వెళ్లిపోయాడు. అలాంటి జట్టు బ్రాండన్ వీడెన్ చేతికి వచ్చింది. అట్లాంటా మీద అతను 26 పాస్‌లలో 22 అందించాడు. మన రక్షణ వరుస 39 పాయింట్లు ఇచ్చింది. న్యూ ఆర్లియన్స్‌లో రెండు నిమిషాల లోపు సమయం ఉండగా, నాలుగో ప్రయత్నంలో, టెరెన్స్ విలియమ్స్‌కు టచ్‌డౌన్ పాస్ విసిరి స్కోరు సమం చేశాడు. అదనపు సమయంలో ఎదుటి క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్రీస్ సి.జె. స్పిల్లర్‌కు విసిరిన పాస్ 80 గజాల టచ్‌డౌన్ అయింది. వీడెన్ అప్పుడు పక్కన నిలబడి చూస్తున్నాడు. న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ చేతిలో 30-6. మూడు ఓటములు కాబట్టి పక్కన పెట్టారు.

మ్యాట్ కాసెల్‌ను దించారు. ఏడు మ్యాచ్‌లు మొదలుపెట్టాడు, ఒక్కటే గెలిచాడు. చివరికి కెల్లెన్ మూర్‌ను దించారు. అతను మొదలుపెట్టిన రెండూ ఓడిపోయాం. 4-12తో, అంటే నాలుగు గెలుపులు, పన్నెండు ఓటములతో, సీజను ముగిసింది. ఒక్క ఏడాదిలో ముగ్గురు బ్యాకప్‌లు. ప్రతి మార్పుకూ మనం చప్పట్లు కొట్టాం, ప్రతి మార్పుతోనూ కోచ్‌లు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు.

ఆ వీడెన్‌ను నవంబరులో మనం వదిలేస్తే హ్యూస్టన్ తీసుకుంది. డిసెంబరులో అవసరం పడి దిగి, ఇండియానాపొలిస్ గడ్డ మీద హ్యూస్టన్‌కు చరిత్రలోనే తొలి గెలుపు సాధించిపెట్టాడు. తర్వాతి వారం టెన్నెసీ మీద 34-6. కాసెల్ సంగతి ఇంకా గట్టి సాక్ష్యం. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కార్సన్ పామర్, మ్యాట్ లైనార్ట్‌ల వెనుక ఉండిపోయి క్వార్టర్‌బ్యాక్‌గా ఒక్క మ్యాచ్ కూడా మొదలుపెట్టని ఆటగాడు. 2008లో ప్రధాన క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ మొదటి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని వెళ్లిపోతే పేట్రియట్స్‌ను 11-5కు నడిపించాడు. మధ్యలో సొంత మైదానంలో మయామీ చేతిలో 38-13తో చిత్తయినా కోచ్ బిల్ బెలిచిక్ అతన్ని కదపలేదు. నవంబరులో వరుసగా రెండు మ్యాచ్‌లలో 400 గజాలకు తగ్గకుండా విసిరాడు. డాలస్‌కు వచ్చింది ఆ కాసెలే. ఏళ్లు మీదపడి ఉండవచ్చు, కాదనను. అయినా 11-5కూ 1-6కూ మధ్య తేడా అంతా ఒక మనిషి వయసులోనే ఉందని నేను నమ్మను.

డాలస్ అభిమానికి ఓపిక ఎందుకు తక్కువో నాకు ఒక అనుమానం ఉంది. కారణం 2016. వేసవి సాధనలో మూర్ కాలు విరిగింది. ఆగస్టు చివర్లో సియాటిల్‌లో రోమో నడుము దెబ్బతిన్నది. నాలుగో రౌండ్‌లో 135వ వాడిగా ఎంపికైన కుర్రవాడు ప్రెస్కాట్ దిగి జట్టును 13-3కు తీసుకెళ్లాడు. అప్పటినుంచి ప్రతి బ్యాకప్‌లోనూ మనం అలాంటి అద్భుతాన్ని వెతుకుతున్నాం. ఆ అద్భుతానికి ముందు వరుసలో టైరన్ స్మిత్, ట్రావిస్ ఫ్రెడరిక్, జాక్ మార్టిన్ ఉన్నారు. వెనక 1,631 గజాలు పరిగెత్తిన ఎజికీల్ ఎలియట్ ఉన్నాడు. మొదటి మ్యాచ్‌కు ముందు జట్టు అంతటితో సాధన చేయడానికి రెండు వారాలకు పైగా దొరికింది. అయినా ఆ మొదటి మ్యాచ్ జెయింట్స్ చేతిలో 20-19తో ఓడిపోయాం. ఆ రోజు ఇంకొకరిని దించమని మనం పట్టుబట్టి ఉంటే ఏమయ్యేది?

మన శత్రువుల కథ కూడా చెప్పాలి. చెప్పడం కష్టమే అయినా చెప్పాలి. 2017 డిసెంబరులో ఈగల్స్ క్వార్టర్‌బ్యాక్ కార్సన్ వెంట్జ్ మోకాలి లిగమెంట్ తెగింది. నిక్ ఫోల్స్ వచ్చాడు. మొదటి మ్యాచ్ బాగానే ఆడాడు. క్రిస్మస్ రాత్రి రైడర్స్ మీద గెలిచినా ఆట చూడలేకపోయారు. సీజను చివరి రోజున మన కౌబాయ్స్ మీద 11 పాస్‌లలో 4 అందించి 39 గజాలు. 6-0తో మనం గెలిచాం. ఫిలడెల్ఫియా అభిమానుల నోటికి ఎంత పేరుందో మీకు తెలుసు. ఆ వారం వాళ్లు ఏమన్నారో ఊహించుకోండి. జట్టు తమ విభాగంలో అగ్రస్థానంలో ఉన్నా, ఓడితే ఇంటికి వెళ్లే ప్లేఆఫ్ దశలో మొదటి మ్యాచ్‌కు పందెంరాయుళ్లు అట్లాంటా వైపే మొగ్గారు.

అప్పుడు కోచ్ డగ్ పెడర్సన్ బృందం చేసిన పని ఈ ప్రసంగానికి గుండెకాయ. ఫోల్స్‌ను వెంట్జ్‌లా మార్చాలని చూడలేదు. ఫోల్స్ 2013లో ఫిలడెల్ఫియాలోనే 27 టచ్‌డౌన్లు, రెండే ఇంటర్‌సెప్షన్లతో ఆడిన రోజుల వీడియోలు తీసి చూశారు. అతను ఏ ఎత్తులలో సుఖంగా ఉన్నాడో వెతికారు. బంతి అందుకున్నాక ఒక్క రక్షకుడి కదలిక చూసి, పరిగెత్తేవాడికి ఇవ్వాలో పాస్ వేయాలో నిర్ణయించుకునే ఎత్తులను ముందుకు తెచ్చారు. అట్లాంటా మీద 15-10. మిన్నెసోటా మీద 38-7. ఆఖరి పోరు సూపర్ బౌల్‌లో పేట్రియట్స్ మీద 41-33. ఆ రాత్రి 373 గజాలు, మూడు టచ్‌డౌన్ పాస్‌లు, పైగా తానే ఒక టచ్‌డౌన్ పాస్ అందుకోవడం. అత్యంత విలువైన ఆటగాడు ఫోల్సే. మనం 39 గజాలకు కట్టిపడేసిన రోజుకూ దీనికీ మధ్య అయిదు వారాలు. తర్వాత జాక్సన్‌విల్ పెద్ద మొత్తం ఇచ్చి తీసుకుపోతే అక్కడ అతను నిలబడలేదు. చేతులు ఆ చేతులే. చుట్టూ ఉన్నది మారిపోయింది.

ఇప్పుడు ఎదుటి వాదన. సీజనులో ఉన్నవి 17 మ్యాచ్‌లు. మూడు ఇచ్చేస్తే ఆరో వంతు పోయినట్టే, ఇది ప్రయోగశాల కాదు అంటారు. నిజమే. నా గడువుకూ హద్దు ఉంది. మూడు మ్యాచ్‌ల తర్వాత కూడా బంతి ఆలస్యంగా చేయి దాటుతుంటే, ఒకే రకం రక్షణకు ఒకే రకంగా దొరికిపోతుంటే మార్చవలసిందే. అభిమానిగా అడగవలసిందే. కానీ మార్పు దానంతట అదే మందు కాదు. 2017లో బఫెలో 5-4తో ఉండగా టైరాడ్ టేలర్‌ను కూర్చోబెట్టి నేథన్ పీటర్‌మన్‌ను దించింది. మొదటి సగంలోనే అయిదు ఇంటర్‌సెప్షన్లు. 54-24తో ఓటమి. మళ్లీ టేలర్‌నే పిలిచి, అతనితోనే 1999 తర్వాత తొలిసారి ప్లేఆఫ్‌కు వెళ్లారు.

ఇంకో వాదన నన్ను నిజంగా బాధపెడుతుంది. ఎలాగూ పోయిన సీజనే, ఓడిపోతే డ్రాఫ్ట్‌లో మంచి స్థానం వస్తుంది కదా అని. 2024 నవంబరులో ఇది ఎక్కువగా విన్నాను. డ్రాఫ్ట్ స్థానం ఏదీ హామీ ఇవ్వదని చెప్పడానికి దూరం పోనక్కరలేదు. మనం దించమని అరిచిన ట్రే లాన్స్‌నే చూడండి. 2021లో మూడో స్థానంలో అతన్ని ఎంచుకోవడానికి శాన్ ఫ్రాన్సిస్కో మూడు మొదటి రౌండ్ ఎంపికలు ధారపోసింది. అక్కడ మొదలుపెట్టినవి నాలుగే మ్యాచ్‌లు. 2022లో రెండో మ్యాచ్‌లో చీలమండ విరిగింది. ఆ ఏడాది చివర్లో ఆ జట్టును నిలబెట్టినవాడు డ్రాఫ్ట్‌లో ఆఖరివాడైన, 262వ ఆటగాడు బ్రాక్ పర్డీ. మరుసటి ఆగస్టులో ఒక్క నాలుగో రౌండ్ ఎంపికకు లాన్స్‌ను మనకు ఇచ్చేశారు. లాన్స్ మీద నాకు జాలే ఉంది. అతనికి కూడా ఎవరూ మూడు మ్యాచ్‌లు వరుసగా ఇచ్చిన పాపాన పోలేదు. 2024 సీజను చివరి మ్యాచ్‌లో వాషింగ్టన్ మీద మొదలుపెట్టి 23-19తో పోరాడి ఓడాడు. ఒక్క మ్యాచ్‌తో అతని గురించి ఏం తెలిసింది? ఏమీ తెలియలేదు.

నా లెక్కకు ఎదురు నిలిచే ఉదాహరణ కూడా ఉంది. దాన్ని దాచడం సరికాదు. 2025లో రష్ బాల్టిమోర్ వెళ్లాడు. అక్కడి ప్రధాన క్వార్టర్‌బ్యాక్ లమార్ జాక్సన్ గాయపడితే అక్టోబరు 5న హ్యూస్టన్ మీద మొదలుపెట్టాడు. మూడు ఇంటర్‌సెప్షన్లు, 44-10తో ఓటమి. తర్వాతి వారం రామ్స్ మీద మ్యాచ్ మధ్యలోనే తీసేసి టైలర్ హంట్లీని దించారు. ఆ మ్యాచ్ పోయినా, హంట్లీ మొదలుపెట్టిన మొదటి మ్యాచ్‌లో షికాగోను 30-16తో ఓడించారు. రెండు మ్యాచ్‌లు కూడా నిండకుండానే మార్చారు, ఆ మార్పు ఫలించింది. హంట్లీ అంతకుముందు ఆ జట్టులోనే జాక్సన్ వెనుక నాలుగేళ్లు ఉన్నవాడు, కాళ్లతో ఆడగలవాడు. జాక్సన్ కోసం రాసిన పుస్తకం అతనికి కంఠతా వచ్చు. నిలబడి విసిరే రష్ కోసం దాన్ని తిరగరాయాలి. తిరగరాయనక్కరలేని మనిషి పక్కనే ఉంటే మూడు మ్యాచ్‌లు ఆగనక్కరలేదని బాల్టిమోర్ తేల్చింది. నేను ఒప్పుకుంటాను. కాబట్టి ఈసారి మనలో ఎవరైనా బ్యాకప్‌ను మార్చమని అడిగేటప్పుడు, అతని బదులు వచ్చేవాడు ఈ పుస్తకంతో ఇంతకుముందు ఎన్ని మ్యాచ్‌లు ఆడాడో కూడా చెప్పమని నేను కోరుతున్నాను. 2024 నవంబరులో మన దగ్గర ఆ జవాబు ఉన్నవాడు రష్ ఒక్కడే.

ఇక మీ ప్రశ్నలు అడగండి. 2022లో రష్‌నే కొనసాగించాలని వాదించినవాళ్లు ఇక్కడ ఉంటే ముందు వారి మాట వినాలని ఉంది.